శిస్తు డబ్బుతో ఎగిరిన స్పిట్‌ఫైర్లు

దక్కను ఆకాశం: ఐదో భాగం

నిజాం ఇచ్చిన డబ్బుతో సమకూరిన డి.హెచ్. 9ఏ బాంబర్లతో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌లో దిగడం, 1918 అక్టోబర్ 21న ఒక్క దాడిలోనే ఏడు విమానాలను పోగొట్టుకోవడం గత భాగంలో చదివాం. బ్రిటిష్ వాయుసేన ఆ దళానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు పెట్టుకుంది. యుద్ధం అయిపోయాక దాన్ని రద్దు చేశారు. 1937లో మళ్ళీ నిలబెట్టారు, పేరు మాత్రం మార్చలేదు. ఆ పేరే రెండో ప్రపంచ యుద్ధపు మొదటి పుటలోకి ఎక్కింది.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మర్నాడే మూడు స్క్వాడ్రన్లు, ఒక్కోదాని నుంచి ఐదు చొప్పున 15 బ్లెన్‌హైమ్ బాంబర్లు, ఉత్తర సముద్రం దాటి విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు వైపు బయల్దేరాయి. ముందు నడిచింది మన 110వ దళం. నాయకుడు ఫ్లయిట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్. ఆకాశం నిండా మబ్బు, వాన. ఆ మబ్బు కిందుగా, ఓడల స్తంభాల ఎత్తున దూసుకెళ్ళి, ‘అడ్మిరల్ షీర్’ అనే యుద్ధనౌక మీద బాంబులు వేశారు. తగిలినవి తగిలినా పేలలేదు. మూడు దళాల్లో ఒకటి దారి దొరక్క వెనుదిరిగింది. మిగతా పది విమానాల్లో ఐదు తిరిగి రాలేదు. ఆ యుద్ధంలో జర్మనీ మీద బ్రిటిష్ వాయుసేన చేసిన మొదటి బాంబుదాడి ఇదే.

ఆ విమానాలు నడిపిన వాళ్ళలో హైదరాబాద్‌ను చూసినవాళ్ళు ఉన్నారో లేదో గానీ, వాళ్ళ దళానికి ఆ పేరు రావడానికి వెనుక ఉన్న డబ్బు మాత్రం ఇక్కడిదే. ఈ భాగంలో ఆ డబ్బు వెంట నడుద్దాం. పైలట్ల సాహసం గురించి పుస్తకాలు చాలా వచ్చాయి. ఆ సాహసానికి ఖర్చు పెట్టుకున్న వాళ్ళ గురించి రాసింది తక్కువ.

ఒక విమానం ధర

1940లో బ్రిటన్ విమానోత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ ఒక లెక్క కట్టారు. 5,000 పౌండ్లు ఇచ్చిన వాళ్ళ పేరును ఒక ఫైటర్ విమానం మీద రాస్తామన్నారు. అసలు తయారీ ఖర్చు అంతకంటే ఎక్కువే. అయినా జనం గుర్తుపెట్టుకునే గుండు అంకె కావాలి కనుక ఐదు వేలు ఖాయం చేశారు. వెయ్యి విమానాలకు సరిపడే డబ్బు ఇస్తే వెయ్యి పేర్లు. ఒక దళానికి సరిపడే డబ్బు ఇస్తే దళానికే దాత పేరు. ఇలా పేర్లు తెచ్చుకున్న వాటిని ‘గిఫ్ట్ స్క్వాడ్రన్లు’ అనేవారు.

అప్పటి మారకం ప్రకారం ఒక పౌండు అంటే పదమూడు రూపాయల పైచిలుకు. అంటే ఒక విమానానికి సుమారు 67 వేల బ్రిటిష్ రూపాయలు. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఆ లెక్కన ఒక స్పిట్‌ఫైర్ ఫైటర్ ఖరీదు దాదాపు 78 వేల హాలీ రూపాయలు.

ఆ అంకెను పట్టుకుని ఒకసారి మంచాలకు వద్దాం. నగరానికి ఆగ్నేయంగా, ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దాటాక, రాచకొండ గుట్టల వైపు పోయే దారిలో ఉన్న ఊరు. చుట్టూ ఆరుట్ల, లోయపల్లి, జాపాల. చెరువు కింద కొంచెం వరి, మిగిలిందంతా మెట్ట. జొన్న, ఆముదం. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్‌బల్దా భూములు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖజానాకు రాబడి తెచ్చేవి. దాన్ని ఆనుకుని సర్కారుకు శిస్తు కట్టే దివానీ ఊళ్ళు, మధ్యమధ్యలో జాగీర్లు. ఏ ఖజానాకు పోతుందన్నది పట్వారీ బస్తాలో రాసి ఉండే సంగతి. రైతుకు తెలిసింది ఒక్కటే: పంట చేతికొచ్చే వేళకు చావిడి దగ్గర శిస్తు కట్టాలి.

కాబట్టి విమానాల డబ్బు నిజాం సొంత ఖజానాది కావొచ్చు, ప్రభుత్వ ఖజానాది కావొచ్చు. రెండూ నిండింది భూమి నుంచే. ఏ ఊరి నుంచి ఎంత వెళ్ళిందో ఇవాళ విడదీసి చెప్పలేం. కానీ మంచాల లాంటి వందల ఊళ్ళ మెట్టచేల కష్టం లేకుండా ‘హైదరాబాద్’ అనే పేరు ఇంగ్లండ్ ఆకాశంలోకి ఎక్కేది కాదు.

ఇంకో బంధం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సాప్‌విత్ క్యామెల్ లాంటి ఫైటర్లకు రోటరీ ఇంజన్లు ఉండేవి. ఇంజన్ మొత్తం గిర్రున తిరిగే ఆ ఏర్పాటులో పెట్రోలులో కరగని నూనె కావాలి. అందుకు పనికొచ్చింది ఆముదం. ఆ నూనె పొగ మొహాన కొడుతుంటే, దాన్ని మింగుతూనే పైలట్లు ఎగిరేవారు. ఆముదం సాగులో హైదరాబాద్ రాజ్యానిది ముందువరస. 1940 నాటికి ఇంజన్లు మారాయి, ఖనిజ నూనెలు వచ్చాయి. అంతకుముందు తరం వైమానిక యుద్ధం మాత్రం మన మెట్ట పంట లాంటి పంట మీదే నడిచింది.

దస్తార్ ముద్ర వేసుకున్న దళం

1939 అక్టోబర్ 1న ఇంగ్లండ్ ఉత్తరాన యాక్లింగ్టన్‌లో 152వ స్క్వాడ్రన్ మళ్ళీ పుట్టింది. మొదట్లో ఇచ్చినవి గ్లాడియేటర్లు, రెండు రెక్కల పాత మోడల్ విమానాలు. 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. దీనికీ ‘హైదరాబాద్’ పేరే. దళం చిహ్నంలో నిజాం తలపాగా, దస్తార్. కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థమిచ్చే మాట. అది బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదు.

జులైలో దళాన్ని దక్షిణ తీరాన వార్మ్‌వెల్‌కు పంపారు. పక్కనే పోర్ట్‌లాండ్ నౌకాస్థావరం. జర్మన్లు అక్కడికి రాకుండా ఉండరు. జులై 10 నుంచి అక్టోబర్ 31 దాకా సాగిన ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’లో ఆ తీరాన్ని కాసిన దళాల్లో ఇదొకటి.

ఆ యుద్ధం నడిచిన తీరు తెలిస్తే తప్ప పైలట్ మీద ఎంత భారం ఉందో అర్థం కాదు. తీరం పొడవునా రాడార్ స్తంభాలు. శత్రు విమానాలు సముద్రం దాటకముందే వాటి జాడ తెలిసేది. తీరం దాటాక నేలమీది పరిశీలకులు దుర్భిణులతో లెక్కపెట్టి ఫోన్ చేసేవారు. ఆ కబుర్లన్నీ ఒక చోట చేరి, వడపోసి, పెద్ద బల్ల మీద పరిచిన పటంలో గుర్తులుగా మారేవి. ఆ పటం చూసి కంట్రోలర్ ఫలానా దళం లేవాలని ఆజ్ఞ ఇచ్చేవాడు. గడ్డిలో కుర్చీలు వేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు లేచి పరుగెత్తేవారు. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ వందల మీటర్ల ఎత్తు నష్టం. ఫైటర్ యుద్ధంలో పైనున్నవాడిదే పైచేయి.

స్పిట్‌ఫైర్ గంటకు సుమారు 570 కిలోమీటర్ల వేగం అందుకునేది. రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్లు. వాటిలో ఉన్న తూటాలు ఆపకుండా కాలిస్తే పదిహేను సెకన్లకు అయిపోతాయి. అంటే ఒక పైలట్ తన ప్రాణం, తోటివాడి ప్రాణం, కింద ఊరి ప్రాణం కాపాడడానికి చేతిలో ఉన్నది పదిహేను సెకన్ల అగ్గి. పైగా ఇంకో చిక్కు. స్పిట్‌ఫైర్‌కు, హరికేన్ అనే మరో బ్రిటిష్ ఫైటర్‌కు ఉన్న మెర్లిన్ ఇంజన్‌లో పెట్రోలు కార్బురేటర్ ద్వారా పోతుంది. ముక్కు ఒక్కసారిగా కిందికి తోస్తే పెట్రోలు అందక ఇంజన్ తడబడేది. జర్మన్ మెసర్‌ష్మిట్ 109లో పెట్రోలును ఇంజన్‌లోకి నేరుగా చిమ్మే ఏర్పాటు ఉండడంతో వాళ్ళకు ఆ బాధ లేదు. అపాయం వస్తే నిట్టనిలువునా కిందికి దూకి తప్పించుకునేవారు. వెంటాడాలంటే బ్రిటిష్ పైలట్లు విమానాన్ని బోర్లా తిప్పి దూకాలి.

152వ దళంలో ఎరిక్ మార్స్ అని ఒక కుర్రాడు. 1940 వేసవికి పందొమ్మిదేళ్ళు. పసివాడిలా కనిపిస్తాడని తోటివాళ్ళు ‘బాయ్’ అని పిలిచేవారు. తన పోరుల గురించి తండ్రికి వివరంగా ఉత్తరాలు రాశాడు. ఆ దళం ఎలా బతికిందో ఇవాళ మనకు తెలుస్తున్నది చాలావరకు ఆ ఉత్తరాల పుణ్యమే. ఆ వేసవిని దాటి బతికాడు. 1941 జులై 24న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు మీద విమాన విధ్వంసక తుపాకుల దెబ్బకు చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండాయంతే.

అదే దళంలో క్రిస్టఫర్ డీన్స్‌లీ రెండు నెలల తేడాలో రెండుసార్లు ఇంగ్లిష్ చానల్‌లో పడ్డాడు. రెండుసార్లూ ఓడలే పైకి లాగాయి. సార్జెంట్ కెన్నెత్ హాలండ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. సెప్టెంబర్ 25న బ్రిస్టల్ విమాన కర్మాగారం మీద దాడి చేసి తిరిగిపోతున్న ఒక హైంకెల్ బాంబర్‌ను దెబ్బతీసి, దాని దగ్గరికి వెళ్ళాడు. అందులోని తుపాకీవాడు ఇంకా బతికే ఉన్నాడు. హాలండ్ అక్కడే ప్రాణాలు వదిలాడు. ఇతనికీ ఇరవై ఏళ్ళే.

ఈ పేర్లు మనకు పరాయివే. కానీ ఆ పిల్లల భుజాల వెనుక ఉన్న పేరు మనది. అందుకే వాళ్ళ చావు గురించి మనం తెలుసుకోవాలి.

కెన్లీలో ఒక్క రోజు

మూడో దళం 253వది. దీని పేరు ‘హైదరాబాద్ స్టేట్’. చిహ్నంలో మొగలాయి గొడ్డలి పట్టిన చేయి. వీళ్ళవి హరికేన్లు. 1940 ఆగస్ట్ 29న లండన్‌కు దక్షిణాన కెన్లీకి వచ్చారు. అప్పటికి జర్మన్లు వైమానిక స్థావరాలనే గురిపెట్టి కొడుతున్నారు. రోజుకు మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది.

ఆగస్ట్ 31 ఉదయం దళ నాయకుడు హెరాల్డ్ స్టార్ జర్మన్లతో పోరులో చనిపోయాడు. ఆయనకంటే ముందు ఆ పదవిలో ఉన్న టామ్ గ్లీవ్ దళాన్ని వదలకుండా మామూలు పైలట్‌గా ఎగురుతున్నాడు. బాధ్యత మళ్ళీ ఆయన మీద పడింది. ఆ మధ్యాహ్నమే జంకర్స్ బాంబర్ల గుంపు మీదికి వెళ్ళాడు. తూటా తగిలి పెట్రోలు ట్యాంకు అంటుకుంది. కాక్‌పిట్ మంటల కొలిమి అయింది. ఎలాగో బయటపడి పారాచూట్‌తో దిగాడు. కానీ మొహం, చేతులు, కాళ్ళు కాలిపోయాయి. ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు, ఒకే రోజు ఇద్దరు నాయకులను ఆ దళం పోగొట్టుకుంది.

గ్లీవ్‌ను ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రికి చేర్చారు. అక్కడ న్యూజీలాండ్‌కు చెందిన సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో కాలిన మొహాలకు కొత్త చర్మం అతికించే పద్ధతులు అభివృద్ధి చేస్తున్నాడు. రోగులను గదుల్లో దాచకుండా ఊళ్ళోకి పంపేవాడు. ఊరి జనానికి ముందే చెప్పేవాడు, వాళ్ళ మొహం చూసి తల తిప్పుకోవద్దని. 1941లో అక్కడి రోగులు ‘గినీ పిగ్ క్లబ్’ పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి అందులో 649 మంది. ఆ క్లబ్బుకు ‘చీఫ్ గినీ పిగ్’ టామ్ గ్లీవ్. హైదరాబాద్ రాజ్యం పేరున్న దళ నాయకుడి కాలిన శరీరం ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలో ఒక అధ్యాయమైంది.

విశాఖ మీద బాంబులు

ఇటు నిజాం రాజ్యమే కాదు, అటు మద్రాసు ప్రెసిడెన్సీ కూడా దాతే. సర్కారు జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. 234, 264 స్క్వాడ్రన్లకు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరు పెట్టారు. 234వది స్పిట్‌ఫైర్ దళం. 264వ దళానిది డిఫయెంట్ అనే వింత విమానం. ముందుకు కాల్చే తుపాకీ లేదు, పైలట్ వెనుక తిరిగే గూటిలో నాలుగు తుపాకులు. డంకర్క్ మీద 1940 మే 29న ఒక్కరోజే 37 శత్రు విమానాలను కూల్చామని ఆ దళం చెప్పుకుంది. ఆ లెక్క అతిశయమని తర్వాత తేలింది. ఆగస్ట్‌లో జర్మన్లు డిఫయెంట్ బలహీనత కనిపెట్టి ముందు నుంచి కొట్టడంతో దళం చితికిపోయింది. ఆపై దాన్ని రాత్రి గస్తీకి మార్చారు. తెలంగాణ, ఆంధ్ర, రాయలసీమ మూడు ప్రాంతాల తెలుగువాళ్ళూ కట్టిన డబ్బు అలా ఇంగ్లండ్ ఆకాశాన్ని కాసింది.

మరి మన ఆకాశాన్ని ఎవరు కాశారు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ‘ర్యూజో’ నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. వాటిని అడ్డుకోవడానికి ఒక్క ఫైటర్ కూడా లేవలేదు. జనం మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్ళకు తరలిపోయారు. విశాఖ జిల్లా రైతు కట్టిన డబ్బులో ఒక పాలు స్పిట్‌ఫైర్‌గా మారి ఇంగ్లండ్‌లో ఉంది. విశాఖ మీద ఆకాశం ఖాళీగా ఉంది.

ఈ మాటను నేను పైలట్లను నిందించడానికి అనడం లేదు. హిట్లర్‌ను ఆపడం ప్రపంచానికి అవసరమైన పని. ఆ పనిలో మన డబ్బు కలవడం మనకు గౌరవమే. కానీ ఆ డబ్బును ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించే హక్కు కట్టినవాళ్ళకు లేదు. వలస పాలన అంటే ఏమిటో విశాఖ ఏప్రిల్ ఆకాశం చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు. యుద్ధం బరువు ఇటు నిజాం రాజ్యంలోనూ పడింది, యుద్ధకాలపు లెవీ మొదలైంది. పండిన ధాన్యంలో ఇంత సర్కారుకు కొలవాలి. పెద్ద దొరలు తప్పించుకుంటే ఆ బరువు చిన్న రైతు మీద పడింది. తెలంగాణ సాయుధ పోరాటానికి దారితీసిన ఆగ్రహాల్లో లెవీ ఒకటి.

హైదరాబాద్ కుర్రాడు విమానమెక్కాడు

ఇంతవరకూ మన పేరున్న విమానాల్లో మనవాళ్ళు లేరు. ఇప్పుడు వస్తారు. యుద్ధం ముదిరేకొద్దీ పైలట్లు కావాలి. బేగంపేటలో ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది. రెండు రెక్కల టైగర్ మాత్ విమానాల మీద కుర్రాళ్ళు మొదటి పాఠాలు నేర్చుకున్నారు.

1923లో హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ పద్దెనిమిదేళ్ళకే, 1942 జనవరిలో, భారత వాయుసేనలో అధికారిగా చేరారు. కరాచీలో తీర రక్షణ దళంలో వాపిటి లాంటి పాత విమానాలు నడిపారు. ఆ తర్వాత ఎంపిక చేసిన కొద్దిమందితో పాటు బ్రిటన్ వెళ్ళి హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నేర్చుకున్నారు. 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధరంగంలో హరికేన్ మీద దాడులకు వెళ్ళారు.

అదే రంగానికి హైదరాబాద్ దళాలు కూడా వచ్చి చేరాయి. 110వ దళం 1942లోనే భారత్ వచ్చి, మొదట వెంజెన్స్ డైవ్‌బాంబర్లు, తర్వాత మస్కిటోలు నడిపింది. 152వ దళం 1943 చివర్లో వచ్చి, స్పిట్‌ఫైర్ ఎనిమిదో మోడల్‌తో ఇంఫాల్ ముట్టడి రోజుల్లో పోరాడింది. హైదరాబాద్ పేరూ హైదరాబాద్ మనిషీ ఒకే యుద్ధరంగం మీద ఎగిరిన కాలం అది. ఆ అడవుల మీద ఎగరడం ఇంగ్లండ్‌కంటే కష్టం. వర్షాకాలపు మబ్బుల్లో చిక్కితే విమానం రెక్కలు విరిగేవి. కూలితే వెతకడానికి దారి ఉండదు.

1947లో దేశం రెండుగా చీలినప్పుడు తోటి అధికారులు కొందరు లతీఫ్‌ను పాకిస్తాన్‌కు రమ్మన్నారు. ఆయన రానన్నారు. భారత్‌లోనే ఉండిపోయారు. 1950 తొలి గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ మీద విమానాల వరుసకు నాయకత్వం వహించారు. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతిగా ఉండి, జాగ్వార్ యుద్ధవిమానాలను సేనలోకి తెచ్చారు. తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి, 2018 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. దస్తార్ ముద్ర మీద రాసుకున్న విధేయత ఒక సామ్రాజ్యానికి ఇచ్చింది. లతీఫ్ ఎంచుకున్న విధేయత ఒక దేశానికి, ఆ దేశపు జనానికి ఇచ్చింది. ఆ తేడా చిన్నది కాదు.

చివరి బాంబు, మొదటి లెక్క

1945 ఆగస్ట్ 15న జపాన్ లొంగిపోయినట్టు ప్రకటించినా బర్మా అడవుల్లో కొన్ని దళాలు ఆయుధాలు దించలేదు. ఆగస్ట్ 20న సిట్టాంగ్ నది అవతల ఉన్న అలాంటి ఒక స్థావరం మీద 110వ దళపు మస్కిటోలు బాంబులు వేశాయి. ఆ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన వేసిన చివరి బాంబులు అవేనని ఆ దళ చరిత్ర చెబుతుంది. మొదటి దాడిలో ముందు నడిచిందీ, చివరి దాడి చేసిందీ హైదరాబాద్ పేరున్న దళమే.

ఈ చరిత్రను మనం ఎవరిదని చెప్పుకోవాలి? నిజాం దానం అని చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. ఇంగ్లిష్ కుర్రాళ్ళ వీరత్వం అంటే ఇంకో సగం. జొన్న నూర్చి శిస్తు కట్టిన రైతును, ఆ డబ్బుతో ఎగిరి ఇరవై ఏళ్ళకే చనిపోయిన పైలట్‌ను పక్కపక్కన నిలబెట్టినప్పుడే లెక్క సరిపోతుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. ఇద్దరినీ ఎవరూ అడగలేదు. ఒకరు కష్టం ఇచ్చారు, ఒకరు ప్రాణం ఇచ్చారు.

ఇవాళ ఇబ్రహీంపట్నం ప్రాంతానికి ఆకాశంతో వేరే సంబంధం ఏర్పడింది. మంచాలకు ఎంతో దూరంలో లేని ఆదిబట్లలో టాటా సంస్థల కర్మాగారాలు సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారు చేస్తున్నాయి. 2018 నుంచి అపాచీ యుద్ధ హెలికాప్టర్ల దేహాలు ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. ఎనభై ఏళ్ళ కిందట ఈ నేల విమానాలకు డబ్బు కట్టింది, పేరు మాత్రం దొరకు పోయింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఆ పని నేర్చుకుని జీతం తీసుకుంటున్నారు. ఆ ఉద్యోగాల్లో, ఆ భూముల లాభంలో స్థానికులకు దక్కాల్సిన వాటా ఎంత అని వాళ్ళు నోరు తెరిచి అడగగలుగుతున్నారు. 1940లో మంచాల రైతుకు లేనిది ఆ అడిగే హక్కే. మన ఆకాశ చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద మార్పుగా కనిపించేది అదే.

అయితే ఆ హక్కు తేలిగ్గా రాలేదు. 1948 సెప్టెంబర్‌లో యుద్ధ విమానాలు హైదరాబాద్ మీదికే వచ్చాయి. భారత వాయుసేన టెంపెస్ట్‌లు నిజాం విమానాశ్రయాల మీద దాడి చేశాయి. దానికి ముందు నెలల్లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట బీదరు, వరంగల్ విమానాశ్రయాలకు దొంగచాటుగా ఆయుధాలు దించాడు. ఆ రాత్రుల కథ, సెప్టెంబర్ దాడి సాగిన ఐదు రోజుల కథ వచ్చే భాగంలో.

(తరువాయి వచ్చే సంచికలో)